గుమ్మంలో నిలబడ్డ ఆయా

పోయిన వారం కొత్తగా చేరిన టీచరమ్మాయి ఒకామె నా గదికి వచ్చి కూర్చుని, "మేడం, నాకు షుగర్ ఉంది. క్లాసు మధ్యలో ఇన్సులిన్ వేసుకోవాల్సి వస్తుంది. మీకు చెప్పి ఉంచుదామని," అంది, ఊరెళ్తున్నానని చెప్పినంత తేలిగ్గా. ఈ బడిలో ప్రైమరీ సెక్షన్ చూసుకునేది ఇప్పుడు నేనే కాబట్టి, "సరేనమ్మా, దానికేం," అన్నాను. ఆమె వెళ్ళాక మాత్రం చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఇదే బడిలో నేనూ ఒక జబ్బును దాచుకుని పాఠాలు చెప్పాను. ఆ దాపరికానికి బలైంది నేను కాదు.

నాది పెద్దపేగులో పుండ్ల జబ్బు. కడుపులో మెలిపెట్టిందంటే రెండు నిమిషాల్లో బాత్రూములో ఉండాలి. రక్తం పడేది. దోహా వచ్చి నాలుగో తరగతి టీచరుగా చేరిన ఏడాదే అది బయటపడింది. అప్పుడే దోహా పక్కన లుసైల్‌లో మావారు పనిచేసే ప్రాజెక్టు ఆగిపోయేలా ఉంది. సంగతి తెలిస్తే నా కాంట్రాక్టు పొడిగించరేమోనని భయం, ఆ భయాన్ని మించిన సిగ్గు. గుండెజబ్బంటే నలుగురూ అయ్యో అంటారు, పేగు జబ్బని ఎవరికి చెప్పుకోను? తింటే పరుగెత్తాలి గనక బళ్ళో పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేదాన్ని కాదు. అడిగినవాళ్ళకు ఉపవాసమని చెప్పి, సోమవారం శివుడన్నాను, మంగళవారం ఆంజనేయుడన్నాను, గురువారం బాబా అన్నాను. మా బడి ఆదివారం కూడా ఉంటుంది కాబట్టి సూర్యుణ్ణి కలుపుకున్నాను. బుధవారానికి ఎవరూ దొరక్క వినాయకుణ్ణి పట్టుకున్నాను. నా భక్తికి స్టాఫ్‌రూమంతా ముగ్ధమైపోయింది. ఒక మలయాళీ టీచరైతే తన కూతురి ఎంట్రెన్స్ పరీక్ష కోసం మొక్కుకోమని కూడా అడిగింది. స్టెరాయిడ్ మాత్రలకు మొహం ఉబ్బితే, "దోహా నీళ్ళు బాగా పడ్డాయి మీకు," అన్నారు.

మా క్లాసు రెండో అంతస్తు చివర, పక్కనే బాత్రూములు. వాటిని కడిగే ఆయా క్లీనింగ్ కంపెనీ పంపిన మనిషి, జగిత్యాల వైపుది, నాకంటే పదేళ్ళు పెద్దది. "ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా మా అత్త దుబాయే అంటది," అని నవ్వుతుండేది. ఒకరోజు నేను గోడ పట్టుకుని బయటికొస్తుంటే అడ్డంగా నిలబడింది.

"మేడం, రోజు సూస్తున్న. గీ రక్తం నెలది గాదు. దవఖానకు పోయిన్రా?"

మావారి తర్వాత నేను ఆ జబ్బు సంగతి చెప్పుకున్నది ఆమెకే. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాను.

"నేనెందుకు చెప్త బిడ్డా? నీకు అక్కెరైనప్పుడు పొయ్యి రా. పోరగాండ్లను నేను సూస్త."

ఏడాదిన్నర పాటు అలాగే చూసింది. నేను గుమ్మం దాటి ఆమె వైపు చూస్తే చాలు, తుడుపుకర్ర గోడకానించి వచ్చి గుమ్మంలో నిలబడేది. నాకోసం చివరి బాత్రూము ముందు 'నేల తడిగా ఉంది' అనే పసుపు బోర్డు పెట్టి, ఇంకెవరినీ వెళ్ళనిచ్చేది కాదు. నాలుగు రాష్ట్రాల పిల్లలూ ఆమె "సప్పుడు జెయ్యకుండ్రి, యల్లా!" అని అరబ్బీ మాట కలిపి అదిలించగానే నోళ్ళు మూసుకునేవారు.

ఒకరోజు అలా వెళ్ళాక నొప్పి తగ్గలేదు. నేను తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా ఇద్దరు పిల్లలు తోసుకోవడం, ఒక పాప బల్ల అంచుకు తగిలి గడ్డం చీలడం జరిగిపోయాయి. ఆయా తన కొంగుతో పాప గడ్డం అదిమిపట్టి నేల మీద కూర్చుని ఉంది. మూడు కుట్లు పడ్డాయి. మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో పాప తల్లి, కంపెనీ సూపర్‌వైజరు, ఆయా, నేను. బాత్రూముకు వెళ్ళానని చెప్పాను. అంతసేపా అని అడిగితే కడుపు బాగాలేదన్నాను. ఊడ్చే మనిషికి క్లాసులో ఏం పని అని సూపర్‌వైజరు ఆమెను గద్దించాడు. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. అది నిలదీసే చూపు కాదు, చెప్పమంటావా వద్దా అని అడిగే చూపు. నేను తల దించుకున్నాను.

"మేడం నై బులాయా సాబ్. మై హీ గయీ," అంది. మేడం పిలవలేదు, నేనే వెళ్ళానని.

మర్నాడు ఆమె స్థానంలో వేరే ఆమె వచ్చింది. వారం రోజులు ధైర్యం కూడగట్టుకుని ఫోన్ చేశాను. లుసైల్‌లో ఏదో ఆఫీసు భవనంలో వేశారట, కాంట్రాక్టు ఇక పొడిగించేది లేదన్నారట. క్షమించమని అడగబోతుంటే మధ్యలోనే, "గవన్ని ఇడిసిపెట్టు బిడ్డా. నీ పాణం ఎట్లున్నది? మందులు ఏస్కుంటున్నవా?" అంది. వేసుకుంటున్నానన్నాను.

రెండు నెలలు నిద్ర పట్టక, చివరికి ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి మొత్తం చెప్పేశాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, "ఈ మాట మొదట్లోనే చెబితే కింది అంతస్తులో క్లాసు ఇచ్చి, తోడుగా ఒక అసిస్టెంటును పెట్టేదాన్ని కదమ్మా," అంది. అంతే, ఇంకేం జరగలేదు. ఆయాను మళ్ళీ పిలిపించమని బతిమాలాను. ఆవిడ అక్కడికక్కడే కంపెనీకి ఫోన్ చేసింది. ఆమె కాంట్రాక్టు ముగిసి, అంతకు నాలుగు రోజుల ముందే ఇండియాకు వెళ్ళిపోయింది. ఖతర్ నంబరు పనిచేయలేదు. ఊరి పేరు నేనెప్పుడూ అడగలేదు.

జబ్బు ఇప్పుడు చాలావరకు నెమ్మదించింది, అన్నం తింటున్నాను. పన్నెండేళ్ళయింది. ఆ గదిలో నేను తల దించుకుని ఊరకున్నది మహా అయితే ఒక్క నిమిషం. ఇన్నేళ్ళూ ఇట్టే గడిచిపోయాయి గానీ, ఆ నిమిషం మాత్రం నాకింకా గడవలేదు.