అవ్వ సీసాలో నా నీలం

పొద్దున వేలికి సూది గుచ్చుకునే ముందు స్పిరిట్ దూదితో తుడుచుకుంటే, ఆ వాసనకు జహీరాబాద్‌లో మా వంటిల్లు గుర్తొచ్చింది.

మా అవ్వకు షుగర్. తాత రోజూ స్పిరిట్ దీపం ముట్టించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, అవ్వ మూత్రం ఎనిమిది చుక్కలు వేసి మరిగించేవాడు. షుగర్ ఎక్కువై ఆ నీలం ఇటుక రంగుకు తిరిగిందంటే ఇక ఆ పూటంతా తిట్లే.

కోహీర్ నుంచి కొత్త బెల్లం వచ్చిన మర్నాడు అవ్వ తను మూత్రం పట్టిచ్చే సీసా నా చేతిలో పెట్టింది. "జర గిండ్ల నీది పోసియ్యి బిడ్డా. తాతకు తెల్వనియ్యకు."

ఆ బెల్లం నేనూ దొంగతనంగా తిన్నాను. గొట్టం నన్ను పట్టిస్తుందనుకున్నాను. పోసిచ్చి, తలుపు చాటున నిలబడి దేవుళ్లందరికీ మొక్కాను.

ఎంత మరిగినా రంగు మారలేదు. నేను, అవ్వ ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నాం. తాత మాత్రం గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. అవ్వది ఎన్నడూ అంత నీలంగా రాలేదు.

"బిడ్డకు షుగర్ లేదు, మంచిదే," అన్నాడు. "ఇగ నీది తే."

ఇప్పుడు నాకూ షుగరే. నిన్న తిన్న జిలేబీలు తలచుకుని, పక్కన ఆడుకుంటున్న మనవరాలి వేలి వైపు ఒక్కసారి చూశాను.