రేవు వీధి మేస్త్రి

మా బావ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను నరసన్నపేటలో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. ఫోను రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి వరండాలోకి వచ్చి ఎత్తాను. అటు మా అప్ప కొడుకు. "పిన్నీ, నాన్న పోనాడు" అన్నాడు. పొద్దున్నే స్నానం చేసి, టీ తాగి, గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంటూ పక్కకి ఒరిగిపోయాడట. "ఇయేల ఆదివారం కాదు గదా, ఎక్కడికి బయల్దేరాడు?" అని అడిగాను. అప్పుడు అడగాల్సిన మాట అది కాదు. నోటికి మాత్రం అదే వచ్చింది.

మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప పెళ్ళై కళింగపట్నం వెళ్ళేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. బావ తాపీమేస్త్రి. రేవు వీధిలో ఆయన చెయ్యి పడని ఇల్లు లేదు. ఒకప్పుడు ఓడలు ఆగిన ఊరు అది. ఇప్పుడు ఓడలూ లేవు, రేవూ లేదు. మొండి గోడలు మిగిలిన గిడ్డంగులు, పెంకులు జారిన దొరల బంగళాలు, లైటు హౌసు, సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం ఉన్నాయి. మోకాళ్ళు మొరాయించి పరంజా ఎక్కడం మానేశాక బావ రెండేళ్ళు ఊరికే ఇంట్లో కూర్చున్నాడు. ఆ రెండేళ్ళూ మా అప్పకి నరకం చూపించాడు. పప్పులో పోపు దగ్గర్నుంచి పెరట్లో తీగ దాకా అన్నీ వంకరగానే కనబడేవి ఆయనకి.

అప్పుడే శ్రీకాకుళం నుంచి నలుగురు ఉద్యోగులు, పాత కట్టడాలంటే ఇష్టం ఉన్నవాళ్ళు, ఆదివారాలు జనాన్ని తీసుకొచ్చి రేవు వీధి చూపించడం మొదలుపెట్టారు. ఊరు తెలిసిన మనిషి కావాలని టీ కొట్టులో అడిగితే అందరూ బావ ఇంటి వైపు చెయ్యి చూపించారట. అలా అరవై దాటాక మా బావ గైడు అయ్యాడు.

ఆయన నడక చూడాలి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తలకి తువ్వాలు. జనం వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ మాట్లాడేవాడు. దారిలో గేదె పడుకున్నా, గొయ్యి ఉన్నా, చూడకుండానే పక్కకి తప్పుకునేవాడు. బయల్దేరే ముందు ప్రతి ఒక్కరినీ "నీల్లు తాగినారా?" అని అడిగేవాడు. తాగలేదంటే తాగేదాకా అడుగు కదిపేవాడు కాదు. చంటిపిల్లల తల్లులు వస్తే తన గొడుగు వాళ్ళ చేతికిచ్చి తను ఎండలో నడిచేవాడు.

ఇవన్నీ బాగానే ఉండేవి. ఆయన చెప్పే కథలతోనే నాకు పేచీ. నేను సోషల్ టీచర్ని. ఈ బంగళాలో దొర పులిని పెంచాడనీ, ఈ గుమ్మం దగ్గర దొరసాని అత్తరు సీసా పగిలితే మూడు వానల దాకా వీధంతా ఘుమఘుమలాడిందనీ, ఈ నూతిలోంచి శాలిహుండం కొండ దాకా సొరంగం ఉందనీ ఆయన చెబుతుంటే ఒళ్ళు మండేది. ఒకసారి అందరూ వెళ్ళాక పట్టుకుని అడిగాను.

"బావా, ఆ సొరంగం ఎవరు చూశారు?"

"ఎవులూ సూడనేదు."

"మరి ఉందని ఎలా చెప్తున్నావు?"

"ఒసే టీచరమ్మా, ఉన్నది సూపించడానికి నానెందుకే? ఆలకి కళ్ళు నేవేటి?"

నేను పట్టు వదల్లేదు. రెండు వారాలు కూర్చుని, ఆ రేవు గురించి దొరికినవన్నీ చదివి, నాలుగు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాను. మరదలు రాసింది గదా అని మరుసటి ఆదివారం కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివాడు. రెండో పేజీకి జనం ఫోన్లు చూసుకోసాగారు. మూడో పేజీకి ఇద్దరు కొబ్బరి బొండాల బండి దగ్గరికి వెళ్ళిపోయారు. సాయంత్రం ఆ కాగితాలు మడత నలగకుండా నాకు తిరిగిచ్చి, "నీ కాగితం మంచిదేనే. కాళ్ళే నేవు దానికి. నడవదు" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆయనలో నాకు అర్థం కానిది ఇంకొకటి ఉండేది. రేవు వీధి మధ్యలో నీలం తలుపుల ఇల్లు ఒకటుంది. దాని దగ్గరికి రాగానే బావ గొంతు తగ్గేది. వెనక్కి నడిచేవాడు కాస్తా ముందుకి తిరిగి, వీధికి అటు పక్కనుంచి నాలుగు అంగల్లో దాటేసేవాడు. ఆ ఇంటి గురించి ఒక్క అబద్ధం కూడా చెప్పేవాడు కాదు. ఎందుకని అప్పని అడిగితే, ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతి చెప్పింది. ఆ ఇంటి వెనక గది గోడకి బావ పూత పూశాడు. ఏడాది తిరక్కుండా అది పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. కూలి తీసుకోకుండా మళ్ళీ పూశాడు. మళ్ళీ రాలింది. మూడోసారి కూడా రాలాక, మేస్త్రి సిమెంటు కాజేసి ఇసక పూసి పోయాడని ఆ ఇంటాయన నలుగురిలో అన్నాడు. సముద్రపు గాలి బాబూ అని బావ అంటే, "పక్కింటికి నేదా గాలి?" అన్నాడట. దొంగ అన్నందుకు కాదట ఆయన బాధ. తన చేతిలోనే ఏదో లోపం ఉందేమోనని, తప్పెక్కడ జరిగిందో తెలియక, చాన్నాళ్ళు నిద్రలో కూడా చెయ్యి గోడ మీద తాపీ తిప్పినట్టు తిప్పేవాడట.

ఒక కార్తీక మాసపు ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. ఆరోజు నేనూ వెళ్ళాను. వాళ్ళలో విజయనగరం నుంచి వచ్చిన ఒక ముసలామె, ఆమె కూతురు ఉన్నారు. ఆమెకి ఎనభై పైనే ఉంటాయి. కర్ర పట్టుకుని, ఎక్కడా ఆగకుండా నడిచింది. పులి కథకి నవ్వలేదు. సొరంగం కథ దగ్గర నూతిలోకి తొంగి చూడలేదు. గిడ్డంగి గోడల దగ్గర అందరం నీడన ఆగినప్పుడు ఆమె బావకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాబూ, ఈ ఈదిలోనే మా యమ్మ పుట్టినాది. కొత్త పెళ్ళికూతురుగా ఈ రేవులోనే పడవెక్కి, ఓడలో రంగం ఎల్లిపోనాది. మా నాన్న అక్కడ బియ్యం మిల్లులో పని సేసీవోడు. నానక్కడే పుట్టేను. యుద్ధం వచ్చి తిరిగొచ్చేసరికి మా తాత నేడు, మామ్మ నేదు, ఇల్లు ఎవులికో ఎల్లిపోనాది. 'ఎవులింటికని ఎల్తాను' అని మా యమ్మ సచ్చేదాకా ఇటు రానేదు. ఆ ఇల్లేదో సెప్పగలవా?"

రంగం అంటే రంగూను. మా జిల్లాల్లో ఆ పేరు తెలియని ఇల్లు లేదు.

అందరూ బావ వైపు చూశారు. ఆయన నోరు తెరవబోయే ముందు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెదవి కొస కొంచెం పైకి లేస్తుంది. ఇప్పుడూ లేచింది. వీధిలో పాత ఇళ్ళకి కొదవ లేదు. ఏదో ఒక గుమ్మం చూపిస్తే ఆ తల్లి దణ్ణం పెట్టుకుని సంతోషంగా వెళ్ళిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. చూపించేస్తాడు అనుకున్నాను.

ఆయన నోరు మూసుకున్నాడు. తలకి చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు.

"నాకు తెల్దమ్మా" అన్నాడు.

బావ నోటివెంట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. ఆమె తలూపి వెనక్కి తిరగబోయింది. బావ మోకాళ్ళ నొప్పి మరిచి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఉండమ్మా. మీ యమ్మ ఆ ఇంటి కోసం ఏటి సెప్పీది? ఏదైనా పర్నేదు. సిన్న మాటైనా సెప్పు."

ఆమె కర్ర మీద రెండు చేతులూ ఆనించింది. "ఇంటి ఎనకాతల ఉప్పు కొటారు ఉండీదట. మా గోడా, దాని గోడా ఒకటేనట. ఓడలకెక్కించీ ఉప్పంతా ఆ గోడకే ఆనించి పోసీవోరట. వానాకాలం మా పక్క గోడ ఏడిసీదట. తాత ఏటేటా సున్నమేస్తే రాలిపోయీదట. మా యమ్మ సిన్నప్పుడు ఆ గోడ నాకి దెబ్బలు తినీది."

బావ లేవలేదు. అలాగే కూర్చుండిపోయాడు. ఒకసారి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ కళ్ళల్లో ఏముందో ఇప్పటికీ చెప్పలేను.

"నడవండి" అన్నాడు.

ముందుకి తిరిగి నడిచాడు. వీధి దాటి తిన్నగా నీలం తలుపుల దగ్గరికి వెళ్ళి తలుపు కొట్టాడు. ముప్ఫై ఏళ్ళనాడు ఆయన్ని మాటన్న ఇంటాయనే తలుపు తీశాడు. ఆయనా ముసలివాడైపోయాడు. గుమ్మం నిండా జనాన్ని చూసి బెదిరాడు.

"ఏటి మేస్త్రీ, ఇన్నేళ్ళకి?"

"గోడ సూడ్డానికొచ్చినాం బాబూ. ఈయమ్మకి సూపించాల."

ఆయన గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు. వెనక గదిలో ధాన్యం బస్తాలు గోడకి మూరెడు దూరంగా పేర్చి ఉన్నాయి. గోడ నడుము ఎత్తు దాకా తెల్లగా బూజు పట్టినట్టు ఉంది. ముసలామె కర్ర కూతురికిచ్చి, బస్తాల సందులోంచి వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత వేలు నాలుక మీద పెట్టుకుంది.

"ఏటమ్మా అది, సీ!" అంది కూతురు.

"ఉప్పేనే" అంది ఆమె. నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇంకా ఉన్నాదే ఉప్పు."

అక్కడున్న పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా ఫోను తియ్యలేదు. ఉప్పు కొటారు సంగతి బావ ఆ ఇంటాయనకి చెప్పాడు. ఆ కొటారు వీళ్ళిద్దరూ పుట్టకముందే కూలిపోయింది. వాళ్ళకి తెలిసినప్పటి నుంచి ఆ చోటు ఖాళీ దొడ్డే. గోడకి మాత్రం వంద వర్షాలకి సరిపడా ఉప్పు మిగిలింది. ఇంటాయన విని, బస్తాల సందులోకి వంగి తనూ గోడని తడిమి చూశాడు.

"అయితే తప్పు నీది కాదన్నమాట, మేస్త్రీ."

"నాదీ కాదు, మీదీ కాదు బాబూ. ఉప్పుది" అన్నాడు బావ.

ఆయన బావ భుజం మీద చెయ్యి వేసి, లోపలికి కేకేసి అందరికీ టీ పెట్టించాడు. టీ తాగుతూ బావ ఆయనకి గోడ వైద్యం చెప్పాడు. "ఇంక దీనికి సిమెంటు పూయించకండి. సున్నమే ఎయ్యండి. రాలితే రాలనీండి. గోడక్కూడా ఊపిరాడాల గదా."

వెళ్ళేటప్పుడు ఆ ముసలామె బావ కుడిచేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. ఆ రాత్రి ఆయన రెండు కంచాలు అన్నం తిన్నాడని అప్ప చెప్పింది.

ఆ తర్వాత ఆదివారాలు మారాయి. బావ జనాన్ని గోడల దగ్గరికి తీసుకెళ్ళి, "కళ్ళతో కాదు, సేత్తో సూడండి" అనేవాడు. ఎక్కడ సున్నంలో బెల్లం నీళ్ళు కలిపారో, ఏ గోడ ఒకరోజు కూలీ తగాదాలో సగంలో ఆగిపోయి మర్నాడు వేరే మేస్త్రి చేతుల్లో పైకి లేచిందో వేలు పెట్టి చూపించేవాడు. ఇవేవీ నేను చదివిన పుస్తకాల్లో లేవు. ఇన్నాళ్ళూ ఇంత నిజం దగ్గర పెట్టుకుని పులులెందుకయ్యా అంటే, "మేస్త్రి మాట ఎవులింటారే అనుకున్నాను" అన్నాడు. ఆ ఒక్కమాట నన్ను చాలా రోజులు వెంటాడింది. తెలియనిచోట తెలియదనేవాడు. "మీకు తెలిస్తే సెప్పండి" అని అడిగేవాడు. జనం చెప్పేవారు. ఎవరి తాతో ఇక్కడ ఓడల్లో కళాసీ అనీ, ఎవరి మామ్మో ఈ మలుపులో చేపలమ్మేదనీ. సొరంగం మాత్రం మానలేదు. "పిల్లలొస్తారు గదే, ఆలకేటి ఉన్నాది మరి?" అనేవాడు. నేనూ ఊరుకున్నాను.

నా క్లాసులోనూ కొంత మారింది. పిల్లలు అడిగినదానికి జవాబు రాకపోతే ఇదివరకు కసిరేదాన్ని. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రమ్మంటున్నాను. వాళ్ళు తెచ్చే జవాబులు నా పాఠం కన్నా బాగుంటున్నాయి.

బావ పాడె వెళ్ళింది రేవు వీధిలోంచే. నీలం తలుపుల ఇంటాయన, నడవలేనివాడు, మనవడి భుజం పట్టుకుని వీధి చివరిదాకా వచ్చాడు.

బావని బతికుండగా నేను ఆఖరిసారి చూసింది అంతకు నెల ముందు, పుష్యమాసంలో. తిత్లీ తుపాను వచ్చిన ఏటి చలికాలం అది. నడక అయిపోయి, వచ్చినవాళ్ళ బస్సు వెళ్ళిపోయింది. ఆరోజెందుకో అప్ప కూడా ఇసక దాకా వచ్చింది. ఇద్దరూ సముద్రానికి ఎదురుగా కూర్చున్నారు. కాల్చిన గేగులు, మీ వైపు తేగలంటారే అవి, బావ నార ఒలిచి ముక్కలు విరిచి అప్ప చేతిలో పెడుతున్నాడు. నేను వెనక సరుగుడు చెట్ల దగ్గర చెప్పుల్లో ఇసక దులుపుకుంటున్నాను. ఎండ పసుపు రంగుకి తిరిగింది. బావ చెయ్యి చాచి, పడవ కూడా లేని నీళ్ళ మీద దేన్నో చూపిస్తున్నాడు. "ఏటీ కనపడ్నేదు" అంది అప్ప. ఆయన ఆమెకి ఇంకాస్త దగ్గరగా జరిగి, తల ఆమె తల పక్కకి తెచ్చి, మళ్ళీ చూపించాడు. గాలి అటు వీస్తోంది. ఆయన ఏం చెబుతున్నాడో నాకు వినబడలేదు. అప్ప మాత్రం నమలడం ఆపి, చూపు తిప్పకుండా అటే చూస్తోంది.