పై గీత దాటిన పెళ్ళిచూపులు

కారు ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూడటానికి ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. దాన్ని గేజు అంటాం. దాని చివర రెండు గీతలు. ఆయిల్ ఆ రెండు గీతల మధ్య ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. మనుషుల తలకాయల్లో కూడా దేవుడు అలాంటి గేజు ఒకటి పెట్టి ఉంటే మా మాస్టార్లకి ఎంతో శ్రమ తప్పేది. నా చెవి పక్కనుంచి కడ్డీ లాగి, కింది గీతక్కూడా తడి తగల్లేదని చూసి, రెండో తరగతిలోనే ఇంటికి పంపేసేవారు. అది లేకపోబట్టి పాపం ఏడో తరగతి దాకా ఆశతో బతికారు.

బడి మానేశాక రాయ్‌పూర్‌లో ఒక బియ్యం మిల్లు సేఠ్ దగ్గర అంబాసిడర్ డ్రైవర్‌గా చేరాను. మాది శ్రీకాకుళం నుంచి రైలు పట్టాల వెంట వచ్చి, ఇక్కడ దిగిపోయిన కుటుంబం. మావాళ్ళందరికీ రైల్వేలో ఉద్యోగాలుండేవి. నాకు నోరుండేది. ఆ నోటికి మేత చిన్నబండి. అంటే రాయ్‌పూర్ తెలీబంధాలో మా ఇంటి ముందునుంచే అభన్‌పూర్ మీదుగా ధమ్‌తరి వెళ్ళే చిన్న లైను బొగ్గు రైలు. దాని నడక మీద నేను చెప్పిన జోకులకి టీకొట్టు దగ్గర జనం పొట్ట పట్టుకునేవారు. రైలు మాత్రం పట్టించుకునేది కాదు. తన మానాన తను పొగ వదులుతూ, నా జోకు పూర్తయ్యేదాకా కనబడుతూనే ఉండేది.

ఒకసారి రైల్వే కాలనీలో పెళ్ళి భోజనానికి కూర్చుంటే ఒకమ్మాయి పులిహోర వడ్డిస్తోంది. ఇంకొంచెం వెయ్యమన్నాను. ఆవిడ నా ఆకు వైపు చూసి, "చోటు చూసుకుని అడగండి" అని పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది. అంతే. ఆకులో పులిహోర మిగిలిపోయింది, నేనే చల్లారిపోయాను. ఎవరమ్మాయని ఆరా తీస్తే చిన్నబండి డ్రైవర్‌గారమ్మాయి అని తేలింది. అభన్‌పూర్‌లో క్వార్టర్సు.

అమ్మ కబురు పంపింది. నా జోకులు నాకంటే ముందే అభన్‌పూర్ చేరాయని, అవి వెళ్ళింది కూడా ఆ రైల్లోనేనని జవాబు వచ్చాక తెలిసింది. "తీసుకురండమ్మా. నా ఇంజను మీద కతలు చెప్పేవోడి మొహం నాకూ చూడాలనుంది" అన్నారట డ్రైవర్‌గారు.

సేఠ్ ఒక పూట కారిచ్చాడు. రోజూ మిల్లు వాకిట్లో చదునైన సిమెంటు గచ్చు మీద ఆయిల్ చూసేవాణ్ణి. ఆరోజు మాత్రం కారు మా ఇంటి ముందు, చెరువుగట్టు ఏటవాలులో, ముక్కు పైకెత్తుకుని నిలబడి ఉంది. కొత్త టెర్లిన్ చొక్కా మీద నూనె పడకుండా వంగాలన్న ధ్యాసలో, ఏటవాలులో గేజు తక్కువ చూపిస్తుందన్న సంగతే నాకు తట్టలేదు. గేజు తీశాను. తుడిచి మళ్ళీ పెట్టి తీశాను. కింది గీతకి దిగువన ఉంది. డబ్బాలోంచి కొంచెం పోశాను. పోసింది కిందికి దిగేదాకా ఆగాలి. పెళ్ళిచూపులకి వెళ్ళేవాడు ఆగుతాడా? వెంటనే చూశాను. ఇంకా తక్కువే.

అమ్మ నా భుజం మీంచి తొంగి చూసింది. "ఏటిరా, అడుగంటిన గిన్నెలాగ అడుగునుందేటి? సుభమా అని ఎల్తన్నాం. నిండుగా పొయ్యి."

"చాలమ్మా."

"చాలేటి? ఒకరింటికి ఎల్లేటప్పుడు వెలితి కనపడకూడదు. పొయ్యి మరి!"

డబ్బా ఖాళీ అయ్యేదాకా పోశాను. నాన్నకి సెలవు దొరకలేదు కాబట్టి ఆపే మగదిక్కు లేకపోయింది. ఉన్నా అమ్మని ఆపేవాడు కాదనుకోండి.

ఊరు దాటాక అమ్మ వెనక్కి తిరిగి చూసి, "ఒరే, ఎనక రాయ్‌పూర్ కనపట్టం లేదేటిరా?" అంది. అద్దంలో చూశాను. నిజమే. నీలం పొగ కమ్మేసింది, ఊరే కాదు రోడ్డు కూడా లేదు. బండి దగ్గుతోంది, తుమ్ముతోంది, నేను తొక్కినకొద్దీ ఇంకా పొగ కక్కుతోంది. పక్కన పట్టాల మీద కూ అని వినబడింది. చిన్నబండి. అది మమ్మల్ని అందుకుంది. కిటికీల నిండా తలకాయలు. ఒకడు చేతులు చాపి అరిచాడు, "కస్ గా, కోయిలా డారత్ హస్ కా?" బొగ్గు వేస్తున్నావా నాయనా అని ఛత్తీస్‌గఢీలో పరామర్శ. పెట్టెపెట్టంతా నవ్వింది. తర్వాత అది నన్ను దాటిపోయింది. నా జీవితంలో ఆ రైలు ఏదైనా వస్తువుని దాటడం అదొక్కసారే చూశాను.

అభన్‌పూర్ చేరేసరికి డ్రైవర్‌గారు వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆరోజు ఆయనకి డ్యూటీ లేదు గానీ వార్త మాత్రం రైల్లో దిగిపోయింది.

"ఆవో బాబూ, ఆవో. మా సిన్నబండి వొచ్చి శానాసేపయింది. దార్లో నీళ్ళు పట్టుకోడానికి ఆగేవేటి?"

ఎన్నో జోకులు చెప్పిన నోరు. "పొగండీ" అని మాత్రం అంది. ఈ మనిషి కాదంటే ఆ పులిహోర అమ్మాయి ఇక నాకు లేనట్టే.

ఆయన బానెట్ ఎత్తించారు. కాసేపు ఆగమన్నారు. గేజు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి తీశారు. ఆయిల్ పై గీత దాటి, కడ్డీ నడుం దాకా ఎక్కింది.

"ఇలగ ఎవరు పోసేరు?"

అమ్మ ముందుకొచ్చింది. "నానే పొయ్యమన్నానన్నయ్యగారూ. సుభానికొస్తన్నామని..."

"ఇది బూర్లో నెయ్యనుకున్నావేటమ్మా? ఎక్కువయితే లోపల చిలికి నురగయిపోద్ది. పైకెక్కి కాలిపోద్ది. తక్కువయినా సావే, ఎక్కువయినా సావే." తర్వాత నా వైపు తిరిగారు. "చొక్కా ఇప్పు."

పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకుని చొక్కా విప్పమన్న మావగారు భూమ్మీద ఆయనొక్కరే. లోపల్నుంచి బొగ్గుమసి పట్టిన తన డ్యూటీ కోటు తెచ్చి నాకు తొడిగారు. చేతిలో పానా పెట్టి కారు కిందికి చూపించారు. తను కుర్చీ వేసుకుని టీ తాగుతూ కూర్చుని, లోపలున్న కూతుర్ని కేకేశారు.

"అమ్మా, పాత బేసినొకటి పట్రా! ఈ బాబు ఆయిల్ దింపుతాడు. నువ్వు పైన గేజు సూడు."

అలా జరిగాయి మా పెళ్ళిచూపులు. నేను వెల్లకిలా కారు కింద. ఆవిడ పైన. నాకు కనపడింది ఆవిడ పాదాలు, పసుపు రాసినవి. ఆవిడకి కనపడింది నా పాదాలు, చెప్పుల్లేనివి. బేసిన్ కాలితో నా తల దగ్గరికి నెట్టింది.

ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ బోల్టు వదులు చేశాను. వేడి ఆయిల్ ముందు నా మణికట్టుకి దారి కనుక్కుని, ఆ తర్వాతే బేసిన్లో పడింది. మళ్ళీ బిగించాను.

"ఎంతుందండీ?"

"ఆగండి. కిందికి దిగనివ్వండి."

"ఇప్పుడో?"

"తుడవనివ్వండి ముందు. మొదటిసారి తీసి చూసింది లెక్కలోకి రాదు."

డ్రైవర్ కూతురు. నాకు గేజు చూడ్డం నేర్పుతోంది, నేను సంతోషంగా నేర్చుకుంటున్నాను. మా మాస్టార్లు కళ్ళారా చూడవలసిన దృశ్యం.

"ఇంకా ఎక్కువే. తియ్యండి. రైలు మీద జోకులేసేది మీరేనా?"

"నేనేనండి."

"ఒకటి చెప్పండి."

కుర్చీ కిర్రుమంది. డ్రైవర్‌గారు టీ ఆపారని అర్థమైంది. నా మొహం మీద ఆయిల్ బొట్లు పడుతున్నాయి. ఎటూ పోయేదే కదా, పోయేదేదో చెప్పే పోనిద్దామనుకున్నాను. "టికెట్ లేనివాణ్ణి టీసీ దారిలో దింపేశాడండి. వాడు నడుచుకుంటూ వెళ్ళి, అభన్‌పూర్ స్టేషన్లో నిలబడి, దిగుతున్న టీసీకి మంచినీళ్ళిచ్చాడు."

పాదాల వైపు చూశాను. కాలివేళ్ళన్నీ ముడుచుకున్నాయి. ముందు భయపడ్డాను. తర్వాత కారు చిన్నగా ఊగింది. ఆవిడ బానెట్ పట్టుకుని నవ్వాపుకుంటోంది.

"ఇది నేనిన్నదే," అన్నారు డ్రైవర్‌గారు కుర్చీలోంచి. "కొత్తదేటైనా సెప్పు బాబూ."

కొత్తవి రెండు చెప్పేసరికి ఆయిల్ పై గీత దగ్గర ఆగింది. నేను బయటికొచ్చేసరికి ఆవిడ లోపలికెళ్ళిపోయింది. టెర్లిన్ చొక్కా అరుగు మీద మడత నలక్కుండా ఉంది. నేను మాత్రం గుర్తుపట్టేలా లేను. అమ్మ నన్ను చూసి, నా బదులు చొక్కాని చూపించి సంబంధం మాట్లాడదామా అన్నట్టు అటూ ఇటూ చూసింది.

డ్రైవర్‌గారు బేసిన్లోకి తొంగి చూశారు. "నా నూతి గిలక్కి ఏడాదికి సరిపోద్ది. బస్. నాకేటీ అభ్యంతరం లేదు. అమ్మాయినడగాలి." లోపలికి కేకేసి అడిగారు కూడా, అందరి ముందూ.

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "ఆ బేసిన్ ఎవరు కడుగుతారో కనుక్కోండి ముందు."

నేనే కడిగాను. ముగ్గుపొడి వేసి తోమి, ఎండలో బోర్లించి వచ్చాను. ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు కారు పొగ వదలలేదు. అమ్మ వెనక సీట్లో కూర్చుని, తన ఆయిల్ వల్లే సంబంధం కుదిరిందని ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది.

పెళ్ళయి పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒకరోజు, వాకిట్లో చదునైన చోట కారు ఆపి గేజు తుడుస్తూ మా ఆవిణ్ణి అడిగాను. "మసి కోటు, నూనె మొహం, ఏడో తరగతి. ఏం చూసి ఒప్పుకున్నావే నన్ను?"

ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండానే చెప్పింది.

"ఆరోజే చెప్పాను కదండీ, మొదటిసారి తీసి చూసింది లెక్కలోకి రాదని. తుడిచి చూద్దామనుకున్నాను. ఇంకా తుడుస్తూనే ఉన్నాను."