పసుపు కొమ్ము పొగ

పసుపు కొమ్మును దీపం మీద కాల్చి, ఆ పొగ పీల్చిన రోజులు మీకూ గుర్తున్నాయి కదండీ! కొన్నాళ్ళుగా జలుబుతో నా ముక్కుకి వాసన లేదు, నాలుకకి రుచి లేదు, ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. పొద్దున్నే మా అమ్మాయి కొవ్వూరు నుంచి వచ్చి, కాల్చిన పసుపు కొమ్ము నా ముక్కు దగ్గర పెట్టింది. అచ్చం వాళ్ళమ్మ పెట్టినట్టే!

తొంభైల్లో ఓ ముసురుకి మా ఇంటిల్లిపాదికీ జలుబులు, జ్వరాలు. మా ఆవిడ అందరికీ ఆవిరి పట్టించేది, మిరియాల చారు పోసేది, ఎవరి గ్లాసు వాళ్ళకే విడిగా పెట్టేది. మేమంతా లేచాం గానీ, పసిదైన మా అమ్మాయి మాత్రం జ్వరం తగ్గినా లేవలేదు. ముద్ద ముట్టదు, మాట్లాడదు. నేను మంచం పక్కన రాయిలా కూర్చునేవాణ్ణి. ఏడుపు కూడా వచ్చేది కాదు. మా ఆవిడ రోజూ ఈ పొగ పట్టించి, "వాసన తెలుస్తోందా తల్లీ?" అని అడిగేది. పిల్ల తల అడ్డంగా ఊపేది.

ఓ పొద్దున మొహం తిప్పేసుకుని, "ఛీ, కంపు! తీసెయ్యమ్మా, అన్నం పెట్టు" అంది. ఎంత ఆనందమండీ! "మా అమ్మాయి ఛీ అందండీ!" అని వీధంతా తిరిగి చెప్పొచ్చాను.

ఇవాళ అదే అమ్మాయి, "తెలుస్తోందా నాన్నా?" అని నా మొహంలోకి చూసింది. నాకేమీ తెలియలేదు. అయినా, "ఛీ, కంపు! తీసెయ్యమ్మా, అన్నం పెట్టు" అన్నాను.

పకపకా నవ్వి, "అబద్ధాలు!" అంటూ కొమ్ము మళ్ళీ వెలిగించింది.