ఓడకు ముందు గంపలగూడెం బస్సు

మా వారిది తిరువూరులో ఎరువుల కొట్టు. అమ్మకాలు బాగున్నాయని కంపెనీవాళ్ళు డీలర్లను భార్యలతో సహా ఓడలో విహారానికి పంపుతామన్నారు. మేం అంతవరకు ఓడ ఎక్కి ఎరగం. ఓడలో వాంతులవుతాయని కొట్టుకి వచ్చిన రైతెవరో చెప్పాడట. ఇక ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు.

"ముందే ఊగడం అలవాటైతే ఏం కాదులే," అని మా వారు తేల్చేశారు. రోజూ సాయంత్రం నన్ను గంపలగూడెం బస్సులో చివరి సీట్లో కూర్చోబెట్టి, అదే బస్సులో వెనక్కి తెచ్చేవారు. ఒళ్ళు హూనమై ఇంటికొస్తే వంట మళ్ళీ నేనే చెయ్యాలి.

ఒకరోజు బస్సు గోతిలో పడి ఎగిరింది. కవరు తీసేలోపే ముందు సీటావిడ కొంగు మీద వాంతి చేసుకున్నాను. బస్సంతా వెనక్కి తిరిగింది. తిట్టబోయిన ఆవిడ, నలభై ఏడేళ్ళ నన్ను ఎగాదిగా చూసి, "ఎన్నో నెలమ్మా?" అంది జాలిగా.

"అది కాదండీ, మేం ఓడ ఎక్కాలి. అందుకని..." అన్నారు మా వారు.

కండక్టరు నీరసంగా చూశాడు. "ఈ బస్సు గంపలగూడెం దాకే సార్."

తీరా ఎక్కాక, ఓడలో గ్లాసులో నీళ్ళయినా తొణకలేదు. ఉన్నన్నాళ్ళూ అలసట తీరా నిద్రపోయాను. తిరిగొస్తూ విజయవాడలో తిరువూరు బస్సెక్కితే, మైలవరం రాకముందే మళ్ళీ కవరు కావలసి వచ్చింది.

సముద్రం నన్నేమీ చెయ్యలేదండీ. చేసిందంతా రోడ్డే.