మార్తమ్మ ఓటు కవరు

ఇప్పుడు కార్క్‌లోనే ఐర్లండ్ తెలుగువాళ్ళ కలయికలు జరుగుతున్నాయి. తోమా ఇంట్లో టీ తాగి బయలుదేరితే, టీ రుచి నోట్లోంచి పోకముందే హాల్లో ఉంటాడు. "ఎంత హాయి అంకుల్!" అంటారు కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు. తోమా తలూపుతాడు గానీ, అతని మనసంతా ఆ పాత దూరం మీదే ఉంటుంది.

డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్న రోజులవి. నెలకో శనివారం ఆ ఊరి శివారు క్లాండాల్కిన్‌లో హాలు అద్దెకు తీసుకుని అందరూ కలిసేవారు. కార్క్ దగ్గరి రింగాస్కిడీ మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిచేసే తోమా అంత దూరమూ కారేసుకుని వెళ్ళేవాడు. వెళ్తున్నాడని తెలిస్తే చాలు, ఒకరు కరివేపాకు తెమ్మనేవారు, ఇంకొకరు వడియాల పొట్లం అందజేయమనేవారు. కాదనడం అతనికి చేతకాదు. పైగా చుట్టు తిరిగి ఎన్నిస్ మీదుగా వెళ్ళి మార్తమ్మను ఎక్కించుకునేవాడు. మార్తమ్మ అక్కడి వృద్ధాశ్రమంలో నర్సు. భర్త పోయాక ఆ ఊళ్ళో ఒంటరిగా ఉండేది. చుట్టరికమేమీ లేదు, ఒకే జిల్లా అన్న మాటే తప్ప. తమ్ముడూ అని పిలిచింది, తమ్ముడయిపోయాడు.

ఒక ఏడాది కార్క్ వాళ్ళు ఎదురుతిరిగారు. ఎప్పుడూ మేమే రావాలా, వచ్చే ఏడంతా కలయికలు కార్క్‌లోనే పెట్టాలన్నారు. డబ్లిన్ వాళ్ళలోనూ సగంమంది, హాలు తుడిచే పని తప్పుతుందని, సరేనన్నారు. ఓటింగ్ పెట్టాలనుకున్నారు. అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు తోమా. నడుం విరిగేలా షిఫ్టులు చేసి, ఆ పైన ఈ డ్రైవింగ్. అతను కోరుకున్నదల్లా ఒక్క శనివారం విశ్రాంతి. "మీ కార్క్‌కే వేస్తాలే తమ్ముడూ" అని మార్తమ్మ కూడా మాటిచ్చింది.

రాలేనివాళ్ళు ఓటును కవర్లో పెట్టి పంపవచ్చు. అంతకుముందు ఏడాది ఎన్నికల్లో కొండల్ రావు అనే ఆయన సంచీడు కవర్లు తెచ్చాడు. అన్నింట్లో ఒకే పెన్ను, ఒకే వంకర టిక్కు. "నువ్వే వేసెయ్ అన్నారండీ, నా మీద నమ్మకం!" అన్నాడు ఆ మహానుభావుడు. అందుకని ఈసారి ఎన్నికల బాధ్యత తీసుకున్న చాముండేశ్వరి నిబంధనలు బిగించింది. ఇంటివాళ్ళవి కాక బయటివాళ్ళది ఒక్క కవరే తేవాలి. లోపలి టిక్కు బయటికి కనిపిస్తే ఆ ఓటు చెల్లదు. మళ్ళీ వెయ్యాలంటే ఓటరే స్వయంగా రావాలి.

ఓటింగ్ రోజున మార్తమ్మకు మధ్యాహ్నం దాకా డ్యూటీ. తోమా కుర్చీలు వెయ్యడానికి ముందే వెళ్ళాలి. అందుకని పొద్దున్నే అతను ఎన్నిస్ వెళ్తే కవరు చేతికిచ్చింది. ఉత్త చేతులతో పంపితే మార్తమ్మ ఎలా అవుతుంది? ఆవకాయ సీసా కూడా ఇచ్చింది. తోమా రెండింటినీ ఒకే సంచిలో పెట్టాడు. ఆ తెలివికి ఏ పేరు పెట్టాలో!

దారిలో నీనా అనే ఊరి దగ్గర పెట్రోలుకు ఆగి చూస్తే కవరు నూనెలో నానుతోంది. కాగితం అద్దమైపోయింది. టిక్కు స్పష్టంగా కనిపిస్తోంది. క్లాండాల్కిన్ పక్కన.

మొదట కోపం వచ్చింది. మాటిచ్చి ఇంత మోసమా అనుకున్నాడు. కాసేపటికి విషయం బోధపడింది. కార్క్‌లో అయితే మార్తమ్మ ఎన్నిస్‌లో బస్సెక్కి వచ్చేస్తుంది. అతను ఇక ఎన్నిస్ ఎందుకు వెళ్తాడు? పండక్కి వెళ్దాం అనుకోవడమే తప్ప, పనిలేకుండా ఎవరు వెళ్తారు?

కవరు అలాగే ఇచ్చేస్తే చాలు. ఓటు చెల్లదు, కార్క్‌కు అడ్డు ఒకటి తగ్గుతుంది, తప్పంతా ఆవకాయదే. తోమా కారులో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. తర్వాత ఫోన్ చేశాడు.

"అక్కా, నూనె కారి కవరు పాడైపోయింది. నువ్వే రావాల. వెనక్కొస్తన్నా, డ్యూటీ దిగంగానే గేటుకాడ ఉండు."

"లోపలిది చూశావా ఏంది?" అంది మార్తమ్మ కంగారుగా.

"లేదక్కా. పాడైన కవరులో ఏం కనపడుద్ది?"

కుర్చీలు ఎవరో వేసుకున్నారు. ఓటింగ్ ముగిసే వేళకు ఇద్దరూ హాల్లో అడుగుపెట్టారు. చాముండేశ్వరి నూనె కవరును చించేసి మార్తమ్మకు కొత్త కాగితం ఇచ్చింది. తోమా కూడా తన కాగితం తీసుకుని మూలకు వెళ్ళాడు. ఒక్క ఓటు తేడాతో క్లాండాల్కిన్ గెలిచింది.

"మనోడే ఎవడో హ్యాండిచ్చాడు!" అని కార్క్ జాన్ బాబు మండిపడ్డాడు. తోమా కుర్చీలు సర్దుతూ ఉండిపోయాడు.

తిరుగుదారిలో లిమరిక్ దాటాక మార్తమ్మ నోరు విప్పింది.

"తమ్ముడూ, నీకు అబద్ధం చెప్పాను. క్లాండాల్కిన్‌కే వేశాను. నీ కష్టం తెలిసి కూడా వేశాను. నన్ను తిట్టు."

"నేనూ దానికే వేశానక్కా."

మార్తమ్మ అతని వైపు తిరిగింది. "నీకేం పుట్టిందిరా? రెస్టు కావాలని నువ్వేగా అంటుంటావు!"

"ఇంట్లో పడుకుంటే నువ్వుండవుగా" అన్నాడు తోమా.