జయరాజు సారు అన్న మాట

ఒట్టు వేసి మొదలుపెడుతున్నాను. మా అవ్వ మీద ఒట్టు, పెనుకొండ కొండ మీద ఒట్టు, వానొస్తే ఇప్పటికీ సలిపే నా ఎడమ మోకాలి మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నన్ను ఎరిగిన హిందూపురం వాళ్ళు ఈ ముక్క చదివి నవ్వుతారని తెలుసు. నేను కథ ఎత్తుకుంటే టీ అంగడిలో సగం మంది లేచిపోతారు, మిగిలిన సగం ఇంకో టీ చెప్పుకుంటారు. ఈసారి లేచేవాళ్ళు కూడా కూర్చోవాలి. ఎందుకంటే నాకు ఒళ్ళు మండుతోంది.

పోయిన వారం మా పాత కాలేజీలో, బాస్కెట్‌బాల్ కోసం కొత్తగా కట్టిన హాలుకు ప్రారంభోత్సవం జరిగింది. పాత విద్యార్థినని నన్నూ పిలిచారు. లోపల అడుగు పెట్టగానే గోడల పచ్చి రంగు వాసన, దాని వెనకే కొత్త బంతి రబ్బరు వాసన ముక్కుకు తగిలాయి. ఆ రబ్బరు వాసన నాకు ఒక మనిషి వాసన. ఇరవై ఏళ్ళ వయసులో ఆ మనిషి వెనక తిరిగినవాణ్ణి కాబట్టి, వాసన తగలగానే ఆయన కోసం చుట్టూ చూశాను. ఎదురుగా పాలరాతి ఫలకం కనపడింది. దాని మీద కరస్పాండెంటు గారి పేరు బంగారు అక్షరాల్లో ఉంది. పేరు కింద, ఈ ప్రాంతంలో బాస్కెట్‌బాల్‌కు ప్రాణం పోసిన మహనీయుడని రాశారు. ఆ మహనీయుడికి బంతిలో గాలి ఎటు నుంచి కొడతారో కూడా తెలియదు. జయరాజు సారు పేరు కోసం నాలుగు గోడలూ వెతికాను. మరుగుదొడ్డి తలుపు కూడా వదల్లేదు. ఎక్కడా లేదు. సారు పోయి చాలా ఏళ్ళయింది. అడిగేవాడు లేడనుకున్నట్టున్నారు.

అందుకే రాస్తున్నాను. తొంభైల నడుమ మా కాలేజీకి జయరాజు సారు ఫిజికల్ డైరెక్టరు. రొద్దం పక్క పల్లెలో కూలి చేసుకుని బతికే క్రైస్తవుల ఇంటి బిడ్డ. మనిషి ఎంత పొడుగంటే, సైకిలు తొక్కితే మోకాళ్ళు చెవులకు తగులుతున్నాయేమో అనిపించేది. మా జట్టు గొప్పదీ కాదు, పనికిమాలినదీ కాదు. అనంతపురం దాకా పోయి, అక్కడ ఓడిపోయి, బిర్యానీ తిని తిరిగొచ్చే జట్టు. పొడుగు పిల్లలను పెద్ద కాలేజీలు హాస్టలూ, పాలూ, గుడ్లూ చూపించి తీసుకుపోయేవి. మా సారు దగ్గర చూపించడానికి సిమెంటు పగిలి, పగుళ్ళలో గరిక మొలిచిన ఒక కోర్టు మాత్రమే ఉండేది. ఆ గరిక సారే పీకేవారు. పగుళ్ళు సారే పూడ్చేవారు. మహనీయుల వారు ఆ పక్కనుంచి కారులో పోయేవారు.

ఎవరి ఊళ్ళో పొడుగు పిల్లవాడు ఉన్నాడని విన్నా సారు బస్సెక్కేవారు. నన్ను వెంట తీసుకుపోయేవారు. నా ఆట చూసి కాదు, నా నోరు చూసి. తల్లిదండ్రులను ఒప్పించడానికి మాటకారి ఒకడు కావాలి కదా. ఒకసారి తాడిమర్రిలో ఒక కుర్రవాడు వాకిట్లో నిలబడి మిద్దె మీద ఆరబోసిన శనక్కాయలు అందుకుని తింటాడని విని పోయాం. నిజంగానే అంత పొడుగు. సారు మురిసిపోయి బంతి విసిరారు. వాడు గబుక్కున తల మీద చేతులు పెట్టుకుని కింద కూలబడ్డాడు. బంతి పోయి బర్రెకు తగిలింది. బర్రె తాడు తెంపుకుని ఊరి బయటికి పరుగు తీసింది.

"మావాడు మనిషి పొడుగే గానీ సామీ, ధైర్యం పొట్టి," అన్నాడు వాళ్ళ నాయన, బర్రె వెనక పరుగెత్తుతూనే.

తిరుగు దారిలో ధర్మవరంలో బస్సు మారాలి. టీ తాగడానికి నేతగాళ్ళ వీధిలోకి నడిచాం. ఒక ఇంట్లో, కిటికీ పక్కన, గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం మీద ఒక కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. పెద్ద అంచు పట్టుచీరకు మగ్గం మీద ఇద్దరు కావాలి. అసలు నేత ఒకరిది. పక్కన కూర్చుని, పోగు చుట్టిన అంచు నాడె విసిరేది ఇంకొకరు. ఒకరు లేస్తే రెండోవాళ్ళ పని ఆగిపోతుంది. ఈ కుర్రవాడిది అంచు. వాడు వీధిలో నిలబడిన స్నేహితుడితో క్రికెట్ గురించి పోట్లాడుతున్నాడు. ముఖం వీధి వైపు ఉంది, చూపు స్నేహితుడి మీద ఉంది. చేయి మాత్రం నాడెను విసురుతోంది, పట్టుకుంటోంది. ఒక్కసారి కూడా దాని వంక చూడలేదు. సారు టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. టీ చల్లారింది. బస్సూ పోయింది.

"ఇన్ని దినాలూ పొడుగు ఎతుకుతా వచ్చినా. నాకు కావాల్సింది చెయ్యప్పా," అన్నారు.

ఆ కుర్రవాడి పేరు భూషణ. తండ్రి చెన్నప్ప, పక్కనే మగ్గం మీద ఉన్నాడు. సారు గడపలో కూర్చుని మెల్లగా మొదలుపెట్టారు.

"పిల్లోడు ఇంటర్ పాసైనాడా?"

"పాసైతే ఏం, కాకుంటే ఏం? మగ్గం అడగదు గదా సామీ."

"మా కాలేజీలో చేర్పిస్తా. బంతాట నేర్పిస్తా. యూనివర్సిటీ జట్టులోకి పోయినాడంటే రైల్వేలో ఉద్యోగం వస్తాది."

"బంతాడితే రైలు ఉద్యోగమా! రైలు తోలేటోళ్ళంతా బంతాడినోళ్ళేనా ఏం?" చెన్నప్ప పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి కొడుకు వైపు చూశాడు. "సరే, వీడు పోతే అంచు ఎవురు నేస్తారు? నువ్వేస్తావా?"

సారు తల తిప్పి నా వైపు చూశారు.

"ఇదిగో, మా శీనడు నేస్తాడు. వీడు ఎట్లాగూ ఆడేది లేదు, బెంచీ మీద కూచునేదే. ఆ కూచునేదేదో ఈడ కూచుంటాడు."

నా ఆట గురించి అంత నిజం అంతకుముందు ఎవరూ చెప్పలేదు. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. చెన్నప్ప ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఈ ఏడు యూనివర్సిటీ జట్టులో పేరు వస్తే పిల్లవాడు సారువాడు. రాకపోతే తిరిగి గుంతలోకి. సారు ఆయన చేతిలో చేయి వేసి మాట ఇచ్చారు.

ఆ ఏడాది నేను చదివిన చదువంతా మగ్గం చదువే. ప్రాక్టీసు ఉన్న రోజుల్లో తెల్లారగానే నేను హిందూపురంలో రైలెక్కి ధర్మవరం పోయేవాణ్ణి, భూషణ ధర్మవరంలో ఎక్కి హిందూపురం వచ్చేవాడు. అప్పట్లో ఒంటి లైను కాబట్టి రెండు రైళ్ళూ పెనుకొండ స్టేషన్లో పక్కపక్కన ఆగేవి. సారు మాకు ఒక బంతి ఇచ్చారు. ఆ కిటికీలోంచి వాడు విసరాలి, ఈ కిటికీలోంచి నేను పట్టాలి. రైళ్ళు కదిలేదాకా అదే ప్రాక్టీసు. కిటికీకి ఊచలు లేని బోగీ చూసుకుని ఎక్కేవాళ్ళం. ఒకరోజు బంతి ఎదురు కిటికీ దాటి దొర్లిపోతే స్టేషన్ మాస్టరు పచ్చజెండా చంకలో పెట్టుకుని పోయి తెచ్చిచ్చాడు. నమ్మకపోతే మీ ఖర్మ.

నా మొదటి చీర అంచు పాము పాకినట్టు వచ్చింది. చెన్నప్ప దాన్ని వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏమప్పా శీనా, ఇది అంచా, పెనుకొండ ఘాటు రోడ్డా?"

అది అమ్ముడుపోయే చీర కాదు కాబట్టి ఆయన భార్య ఇంట్లో కట్టుకుంది. పట్టుచీరతో పొయ్యి ఊదిన ఇల్లాలు ధర్మవరం మొత్తంలో ఆమె ఒక్కతే. నన్ను చూసినప్పుడల్లా కొంగు సర్దుకుని, "మహారాణిని జేసినావు నాయనా," అనేది.

అవతల భూషణతో సారు తిప్పలు వేరు. చూడకుండా బంతి అందించడం వాడికి పుట్టుకతో వచ్చినట్టుంది. పరుగు మాత్రం రాదు. చిన్నప్పటి నుంచీ గుంతలో కూర్చున్న ఒళ్ళు. నాలుగు అడుగులు పరుగెత్తితే రొప్పు. నిలబడినా మగ్గం మీదికి వంగినట్టే నిలబడేవాడు. సారు ఆదివారాలు చర్చి అయ్యాక వాణ్ణి పెనుకొండ కొండ ఎక్కించేవారు. బంతి ఇద్దరి మధ్యా తిరుగుతూ పైకి పోవాలి. ఒకసారి నేనూ పోయాను. సగం కొండ ఎక్కేసరికి భూషణ రాయి మీద కూలబడ్డాడు.

"నా వల్ల కాదు సార్. మా నాయన కాడికి పోతా. ఆడ కూచోని పని జేసుకుంటా."

సారు అరవలేదు. పక్కన కూర్చుని వాడి కాలు ఒళ్ళో పెట్టుకుని పిక్కలు ఒత్తుతూ అన్నారు. "మా నాయన కూడా నన్ను అదే అనినాడబ్బా. కూలికి పుట్టినోనివి, కూలికే పో అని. నేను పోయిండింటే ఈ కొండ మీద ఈ పొద్దు నీ కాళ్ళు ఎవురు ఒత్తుతారు? లెయ్."

వాడు లేచాడు. సక్రమంగా తిండి కూడా లేని ఒక కాలేజీ జట్టుకు, ఆ ఏడాది ఆఖరుకు, ఎదుటివాళ్ళు ఎటు చూడాలో తెలియక తికమకపడే ఆటగాడు తయారయ్యాడు. దీన్నంటారు ప్రాణం పోయడమని. కారులో పోవడాన్ని కాదు.

కాలేజీల పోటీల ఆఖరి మ్యాచి మా కోర్టులోనే పెట్టారు. యూనివర్సిటీ జట్టుకు పిల్లలను ఎంచడానికి ఇద్దరు సెలెక్టర్లు వచ్చారు. చెన్నప్ప మగ్గం ఆపి, ఇస్త్రీ పంచె కట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆట చూడటానికి వచ్చాడు. నా పక్కనే కూర్చున్నాడు. ఆట మొదలవుతుందనగా కరస్పాండెంటు గారు కుర్చీలోంచి లేచి సారు దగ్గరికి వచ్చారు. ఆయన వెనక ఆయన మేనల్లుడు, కాళ్ళకు బెంగుళూరు బూట్లతో నిలబడి ఉన్నాడు. ఆ బూట్లు తప్ప వాడికి ఆటతో ఇంకే సంబంధమూ లేదు.

"జయరాజూ, ఆ ధర్మవరం వాణ్ణి కూర్చోబెట్టు. మావాణ్ణి దింపు. సెలెక్టర్లతో మాట్లాడాను," అన్నారు.

అప్పుడు సారు లేచి నిలబడ్డారు. ఆ పొడుగంతా విప్పుకుని నిలబడ్డారు. కోర్టు మొత్తానికి వినపడేలా అన్నారు.

"ఈ కోర్టులో పగుళ్ళు నేను పూడ్చినా సార్. ఈ పిల్లోన్ని వాళ్ళ నాయన పక్కలోనుంచి అడిగి తెచ్చుకున్నా. మీ మేనల్లుడు మీ ఇంట్లో ఎంతసేపన్నా ఆడుకోనీండి. ఈడ మాత్రం ఆడేటోడే ఆడతాడు. మీకు కిట్టకపోతే రేపు నన్ను తీసెయ్యండి. ఈ పొద్దు మాత్రం పోయి ఆ కుర్చీలో కూచోండి."

కరస్పాండెంటు గారు పోయి కూర్చున్నారు. భూషణ లోపలికి దిగాడు. అటు చూస్తూ ఇటు అందించాడు, ఇటు చూస్తూ వెనక్కి అందించాడు. గెలిచాం. చెన్నప్ప లేచి నిలబడి, ఎందుకో తెలియకుండానే, అవతలి జట్టుకు కూడా చప్పట్లు కొట్టాడు. సెలెక్టర్లు భూషణ పేరు రాసుకున్నారు.

ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుంటుంది. కానీ ఒట్టు వేశాను కదా, అవ్వ ఊరుకోదు. మీరు పైన అనుమానించినవన్నీ నిజాలే. అనుమానించని చోటే నేను చేయి పెట్టాను. సారు ఆ మాటలు అనలేదు. భూషణ లోపలికి దిగలేదు.

సారు అన్నది, "సరే సార్." అంతే. భూషణ బనియను విప్పి మేనల్లుడికి ఇచ్చి నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మ్యాచి ఓడిపోయాం. అయినా సెలెక్టర్లు మేనల్లుడి పేరే రాసుకుపోయారు. సారు ఉద్యోగం పర్మనెంటు కాదని, ప్రతి జూన్‌లో ఆ పెద్దమనిషి తల ఊపితేనే ఇంకో ఏడాది నడుస్తుందని నాకు తర్వాత తెలిసింది. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. సరే సార్ అన్నందుకు సారును తప్పుపట్టేవాళ్ళు నా ముందుకు రావద్దు. ఒక మంచివాడి నోట ఆ మాట అనిపించినవాళ్ళ మీదే నా కోపం, ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు. మరుసటి ఆదివారం సారు చర్చి మానేసి ధర్మవరం పోయి చెన్నప్ప వాకిట్లో నిలబడ్డారు. తండ్రీ కొడుకులు మగ్గం మీద ఉన్నారు. "నిలబడినావేం సామీ, లోపలికి రా," అన్నాడు చెన్నప్ప. సారు లోపలికి పోలేకపోయారు.

ఆ మ్యాచి రోజున చెన్నప్పకు ఆట తెలియదు. కొడుకు పక్కనే తలవంచుకుని కూర్చుని ఉంటే, అది కూడా ఆటలో భాగమే అనుకున్నాడు. మాటిమాటికీ నా మోచేయి తట్టి, ఆశగా అడిగాడు.

"మావాడు ఎప్పుడు పోతాడప్పా లోపలికి?"

"ఇప్పుడే మామా," అన్నాను. ఆట ముగిసేదాకా అలాగే అంటూ ఉన్నాను. ఇప్పటికీ, ఎక్కడ ఈ కథ ఎత్తుకున్నా, సారును లేపి నిలబెట్టి ఆ మాటలు అనిపించి, భూషణను లోపలికి పంపిస్తున్నాను.